ఎస్పెరాంతోలో తాళంచెవిని ‘ష్లోసీలో’ అని ఎందుకంటారు?

కొత్తపలక (ఆదివారం రాత్రి)

అందరికీ నమస్కారం. ఎస్పెరాంతో అనే కృత్రిమ అంతర్జాతీయ భాషను నేర్చుకోవడం మొదలుపెట్టి నాలుగు నెలలు కావస్తోంది. మాటలు గుర్తుండాలని ఇంట్లోని వస్తువులకు వాటి పేర్లు రాసిన చీటీలు అంటిస్తున్నాను. తలుపుకు పోర్దో, కిటికీకి ఫెనెస్త్రో, మంచానికి లీతో, బల్లకు తాబ్లో అని అంటించుకుంటూ పోయినంతసేపు ఏ చిక్కూ రాలేదు. ఫ్రెంచిలోనో లాటిన్‌లోనో ప్రతి మాటకూ ఒక చుట్టం కనబడుతూనే వచ్చింది. గుమ్మం పక్క మేకుకు వేలాడే తాళంచెవి దగ్గర మాత్రం ఆగిపోయాను. దానిని ష్లోసీలో అంటారట, ఊనిక (నొక్కి పలకడం) ‘సీ’ మీద. ఫ్రెంచిలో క్లే, లాటిన్‌లో క్లావిస్, రష్యన్‌లో క్ల్యూచ్, పోలిష్‌లో క్లుచ్. ఈ భాషను కూర్చిన జామెన్‌హోఫ్‌కు బాగా తెలిసిన భాషల్లోనే ఇన్ని ‘క్ల’ మాటలు ఉండగా, వాటన్నిటినీ పక్కకు నెట్టి ఈ ‘ష్లో’ను ఆయన ఎక్కడినుంచి పట్టుకొచ్చాడన్నది నా ప్రశ్న.

పైగా తాళానికి సెరూరో అని దీనితో ఏ పోలికా లేని మరో మాట ఉంది. మన ఇళ్ళలో “తాళం ఏదీ?” అని అడిగితే, అడిగినవారికి తాళం కావాలో చెవి కావాలో చేతికిచ్చేదాకా తెలియదు. అక్కడ ఈ రెండింటికీ బొత్తిగా పొంతనే లేకపోవడం నాకు వింతగా తోచింది.

ఎల్బేతీరం (ఆదివారం రాత్రి)

కొత్తపలక గారూ, దీనికి అంత దూరం వెతకనక్కరలేదనుకుంటాను. నేను పదకొండేళ్ళుగా జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉంటున్నాను. ఇక్కడ తాళంచెవిని ష్లుస్సెల్ అంటారు; అందులోని మొదటి అచ్చు మన ‘ఉ’కూ ‘ఇ’కీ నడుమ పలుకుతుంది. ఆ అచ్చు ఎస్పెరాంతోలో లేదు కనుక దాన్ని ‘ఒ’గా మార్చి, నామవాచకానికి తప్పనిసరి అయిన ఓకారాన్ని చివర తగిలిస్తే ష్లోసీలో తయారవుతుంది. ఎస్పెరాంతోలో ‘ష’కారం హల్లుతో జతకట్టి మొదలయ్యే మాటల్లో చాలా భాగం జర్మన్ సొత్తే. బీరువాకు ష్రాంకో, తాడుకు ష్నూరో, మేజోడుకు ష్త్రుంపో, దొంగిలించడానికి ష్తేలి, ఇవన్నీ ఇక్కడి వీధుల్లో రోజూ నా చెవిన పడే మాటలకు కొద్దిపాటి మార్పులే. ష్లోసీలో కూడా అదే కోవలోది.

నిఘంటుప్రియ (సోమవారం ఉదయం)

ఎల్బేతీరం గారి మాటలో జర్మన్ అన్నంతవరకు నాకు అభ్యంతరం లేదు. కానీ ష్లుస్సెల్ అనే నామవాచకమే నేరుగా ష్లోసీలో అయిందనడం సరికాదు. ఎస్పెరాంతో మాట ఏ ధాతువుకు చెందిందో తేల్చడానికి ఊహ అక్కరలేదు, ఆధారం అచ్చులోనే ఉంది. జామెన్‌హోఫ్ 1887లో వార్సాలో వెలువరించిన మొదటి పుస్తకం తరువాత, రెండున్నర వేలకు పైగా ధాతువులతో ‘ఉనివెర్సాలా వొర్తారో’ అనే నిఘంటువు తెచ్చాడు. ప్రతి ధాతువుకూ ఫ్రెంచి, ఇంగ్లీషు, జర్మన్, రష్యన్, పోలిష్ భాషల్లో అర్థాలు వరుసగా ఉంటాయి. 1905లో బులోన్-సూర్-మేర్ నగరంలో జరిగిన మొదటి ప్రపంచ మహాసభ ఎస్పెరాంతోకు ఎవరూ మార్చరాని పునాదిగా ‘ఫుందామెంతో’ను అంగీకరించింది, ఈ నిఘంటువు అందులో ఒక భాగం.

అందులో ధాతువు ‘ష్లోస్’. దాని అర్థం తాళంచెవి కాదు, తాళం వేయడం. జర్మన్ సమానార్థకంగా ష్లీసెన్ అనే క్రియ ఉంది. ఆ ధాతువుకు పనిముట్టును తెలిపే ‘ఇల్’ ప్రత్యయం, ఆపైన నామవాచకపు ‘ఓ’ చేరితే ష్లోస్-ఇల్-ఓ, అంటే తాళం వేసే పనిముట్టు. కోయడం త్రాంచి, కోసేది త్రాంచీలో, అంటే కత్తి. కుట్టడం కుద్రి, కుట్టేది కుద్రీలో, అంటే సూది. తాళంచెవి కూడా ఈ వరుసలోదే తప్ప బల్లలాగా మంచంలాగా అరువు తెచ్చుకున్న పేరు కాదు.

ఇందులో నాకు మిక్కిలి ఇష్టమైన సంగతి ఒకటుంది. ఫ్రెంచివారు తాళం వేయడాన్ని చెప్పాలంటే ‘ఫెర్మే ఆ క్లే’ అంటారు, అంటే తాళంచెవితో మూయడం. రష్యన్‌లో ‘జపిరాత్ నా క్ల్యూచ్’, పోలిష్‌లో ‘జమికాచ్ నా క్లుచ్’ అన్నా అదే పద్ధతి. ఆ మూడు భాషల్లోనూ చెవి పేరు ముందు పుట్టింది, దాని ఆసరాతో పని పేరు నిలబడింది. ఎస్పెరాంతోలో పని పేరు ముందుండి, దానినుంచి చెవి పేరు పుట్టింది. ‘క్ల’ మాటల్లో ఏ ఒక్కదాన్ని తీసుకున్నా ఆయనకు ఈ సౌకర్యం దక్కేది కాదు.

ఎల్బేతీరం (సోమవారం సాయంత్రం)

నిఘంటువులో ఎలా అమర్చాడన్నది ఒక ప్రశ్న, ఆయన మనసులో మాట ఎలా పుట్టిందన్నది మరో ప్రశ్న. ముందు ష్లుస్సెల్‌ను తీసుకుని, దాని తోక ‘ఇల్’ ప్రత్యయంలాగా కనిపించేసరికి అక్కడ కోసి, మిగిలిన ముక్కను ధాతువుగా నమోదు చేసి ఉండవచ్చు కదా? ఎస్పెరాంతోలో ఇలాంటి తలకిందుల పుట్టుక కొత్తేమీ కాదు. భార్యకు ఎద్జీనో అనే మాట ముందు ఏర్పడి, అందులోని స్త్రీవాచక ప్రత్యయాన్ని తీసివేయగా భర్తకు ఎద్జో మిగిలిందన్నది ఆ భాష చరిత్రతో పరిచయం ఉన్నవారికి తెలిసినదే. భార్యనుంచి భర్త పుట్టగా లేనిది, చెవినుంచి తాళం వేయడం పుట్టకూడదా?

అయితే నా వాదానికి అడ్డం వచ్చే సంగతి కూడా నేనే చెబుతాను. ఇక్కడికి వచ్చిన మొదటి శీతాకాలంలో, చెత్త పారవేయడానికి ఇంట్లో తొడిగే చెప్పులతోనే కిందికి దిగాను, వెనక తలుపు తనంతట తానే పడిపోయింది. ఇక్కడి తలుపులకు బయటివైపు తిప్పే పిడి ఉండదు, కదలని గుండు మాత్రమే ఉంటుంది. చెవి లోపల ఉండిపోతే మనిషి బయట ఉండిపోవలసిందే. పక్కింటి పెద్దావిడ ఫోనుతో తాళాలు తీసేవాణ్ణి పిలిస్తే, అతను అడిగిన మొదటి మాట “త్సూగెఫాలెన్ ఓదర్ ఆబ్‌గెష్లోసెన్?” అని. తలుపు ఊరికే పడిందా, తాళం వేసి ఉందా అని దాని అర్థం. పడినదైతే నిమిషంలో తీస్తాడు, తాళం వేసినదైతే కూలీ పెరుగుతుంది. ఉదయం నిఘంటుప్రియ గారి జవాబు చదువుతుంటే ఆ ‘గెష్లోసెన్’ చెవిలో మోగింది. వర్తమానంలో ష్లీసెన్ అయినా, జరిగిపోయిన పని చెప్పేటప్పుడు ఆ క్రియలో వచ్చేది ఓకారమే. అంటే ఆ ‘ఒ’ కోసం ష్లుస్సెల్‌లోని అచ్చును మార్చవలసిన పని లేదు, క్రియలోనే అది సిద్ధంగా ఉంది.

హిందూపురంబస్సు (సోమవారం రాత్రి)

చెవి, తాళం అంటున్నారు కనుక నేనూ ఒక మాట కలుపుతాను. మా వైపు తాళాన్ని బీగం అంటాం. సరిహద్దు దాటితే కన్నడంలో తాళంచెవి ‘బీగద కై’, అంటే బీగపు చేయి. తెలుగులో చెవి, కన్నడంలో చేయి. వస్తువు ఒకటే, అవయవం మారింది. హిందీ చాబీ, తమిళ చావి మాత్రం పోర్చుగీసు ‘చావె’ నుంచి వచ్చాయి, ఆ చావె లాటిన్ క్లావిస్ సంతానం. జామెన్‌హోఫ్ వదిలిపెట్టిన క్లావిస్ ఓడెక్కి మన దేశానికి వచ్చి అల్మారాలో కూర్చున్నదన్నమాట.

నాకు ఎప్పటినుంచో ఒక అనుమానం. మన తాళంచెవిలోని ‘చెవి’ కూడా నిజానికి ఆ పోర్చుగీసు ‘చావె’యేనేమో, మనవాళ్ళు దానిని తెలిసిన మాటలోకి ఒదిగించుకున్నారేమో? బొత్తాం, మేస్త్రీ అలా వచ్చినవే కదా.

పదపేటిక (నిర్వాహకులు) (సోమవారం రాత్రి)

హిందూపురంబస్సు గారి అనుమానం ఆసక్తికరమైనదే. కానీ ధ్వని పోలిక ఒక్కటే చేతిలో ఉన్నప్పుడు అది అనుమానంగానే ఉండాలి. కన్నడంలోని ‘కై’ని చూస్తే, తాళానికి అవయవాన్ని తగిలించడం ఈ ప్రాంతపు భాషల అలవాటేనని ఎదుటి పక్షం అంతే గట్టిగా చెప్పగలదు. ఈ అంశానికి వేరే శీర్షిక ప్రారంభించవలసిందిగా కోరుతున్నాను. ఇక్కడ ష్లోసీలో దగ్గరే ఉందాం.

నిఘంటుప్రియ (మంగళవారం ఉదయం)

ఎల్బేతీరం గారు తమకు ప్రతికూలమైన ఆధారాన్ని తామే బయటపెట్టినందుకు ధన్యవాదాలు. ఇప్పుడు కొత్తపలక గారి రెండో ప్రశ్న, తాళానికి సెరూరో ఎందుకన్నది, మిగిలి ఉంది. అది ఫ్రెంచి ‘సెర్యూర్’. దానికోసం ఫ్రెంచి దాకా పోవలసిన అవసరం ఏమిటంటే, నా అభిప్రాయంలో కారణం కోట.

జర్మన్‌లో ష్లోస్ అంటే తాళమూ, కోటా. పోలిష్‌లో జమెక్ అన్నా ఆ రెండు అర్థాలే. రష్యన్‌లో అక్షరాలు ఒకటే అయినా ఊనిక తేడాతో విడదీస్తారు, మొదటి అచ్చు మీద ఊనితే కోట, రెండో దాని మీద ఊనితే తాళం. మూసి భద్రపరిచేది అన్న భావమే రెండింటికీ మూలం. ఇలాంటి శ్లేష మనిషి పుట్టి పెరిగిన భాషలో అందంగానే ఉంటుంది. ఎక్కడివారికైనా సులువుగా పట్టుబడాలని కూర్చుతున్న భాషలోకి మాత్రం దానిని తెచ్చుకోకూడదు. ఎస్పెరాంతోలో కోటకు కాస్తేలో, తాళానికి సెరూరో, తాళం వేయడానికి ష్లోసి అని మూడు వేర్వేరు ధాతువులు నిలిచాయి. ‘ష్లోసో’ అని ఎవరైనా రాస్తే అది తాళమూ కాదు, కోటా కాదు, తాళం వేసే చర్య మాత్రమే.

లాటిన్ క్లావిస్ పూర్తిగా మాయమైపోలేదన్నది కూడా చెప్పాలి. పియానో మీద వేలితో నొక్కే మీటను క్లావో అంటారు. కంప్యూటరు మీటల పలక క్లావారో. ఇంగ్లీషులో ‘కీ’ అనే ఒకే మాటతో గడిపే తాళంచెవీ, మీటా ఇక్కడ విడిపోయాయి.

పాతఅచ్చు (మంగళవారం రాత్రి)

ఇంతవరకు జర్మన్ అని ఒకే మాటతో సరిపెడుతున్నారు గానీ, జామెన్‌హోఫ్ ఇంటి చుట్టూ వినబడిన, తూర్పు ఐరోపా యూదుల భాష అయిన యిద్దిష్‌ను ఎవరూ తలచుకోలేదు. ఆయన 1859లో పుట్టిన బియలిస్తోక్ అప్పట్లో రష్యా సామ్రాజ్యంలోని నేత మిల్లుల పట్టణం. యూదులు, పోల్‌లు, రష్యన్లు, జర్మన్లు ఒకే బజారులో నాలుగు భాషలు మాట్లాడేవారు. ఆయన యువకుడిగా యిద్దిష్‌కు వ్యాకరణం కూడా రాశాడు. ఆ భాషలో తాళం ‘ష్లోస్’, తాళంచెవి ‘ష్లిస్ల్’. ఎస్పెరాంతో ధాతువుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయే మాట బియలిస్తోక్ వంటింట్లోనే ఉందన్నమాట. ఆయన తండ్రి జర్మన్, ఫ్రెంచి బోధించే ఉపాధ్యాయుడు కనుక, ఆ ‘ష్లోస్’ వంటింటిదా తండ్రి పాఠంలోదా అని నేడు విడదీయడానికి వీలు లేదు. రెండు చోట్లా అదే ధ్వని వినబడటం ఆ ధాతువుకు బలమనే నేను భావిస్తాను.

ఇక ఎల్బేతీరం గారూ నిఘంటుప్రియ గారూ వాదించుకుంటున్న దాని గురించి: చెవి ముందా, తాళం వేయడం ముందా? ష్లుస్సెల్ అన్న మాట పూర్వ రూపాన్ని చూస్తే ఈ తగవుకు వేరే ముఖం కనిపిస్తుంది. వెయ్యేళ్ళ నాటి ప్రాచీన జర్మన్‌లో దాని రూపం ‘స్లుస్సిల్’. మూయడం అనే క్రియకు పనిముట్టును తెలిపే ‘ఇల్’ చేరి ఏర్పడిన మాట అది. కప్పడం దెక్కెన్, కప్పేది దెక్కెల్, అంటే మూత. లేపడం హేబెన్, లేపేది హేబెల్, అంటే మీట. ఇవన్నీ ఆ అచ్చులో పోసినవే. కాలం గడిచేకొద్దీ జర్మన్‌లో అచ్చులు మారి, తోక అరిగి, ఆ కూర్పు కంటికి ఆనకుండా పోయింది. జామెన్‌హోఫ్ ‘ష్లోస్-ఇల్-ఓ’ అని రాసినప్పుడు, తెలిసి చేశాడో తెలియక చేశాడో గానీ, పాత జర్మన్లు ఒకప్పుడు వేసిన కుట్టు మీదే మళ్ళీ కుట్టాడు. కనుక ష్లుస్సెల్‌తో పోలిక ఉన్నమాటా నిజమే, క్రియనుంచి కట్టినమాటా నిజమే.

ఆయనకు ప్రత్యయాల మీద అంత మక్కువ ఎలా కలిగిందో బొరోవ్కో అనే మిత్రుడికి రాసిన లేఖలో స్వయంగా చెప్పుకున్నాడు. బడిలో చదువుకునే రోజుల్లో, కొత్త భాషకు బండెడు నిఘంటువు తప్పదేమోనన్న దిగులుతో ఉండగా, వీధిలో ఎన్నోసార్లు చూసిన ‘ష్వెయ్‌త్సార్‌స్కయా’ అనే పలక మీద ఆయన దృష్టి పడింది. అది ద్వారపాలకుడి గది. ఆ తరువాత ‘కొందీతెర్‌స్కయా’ అనే పలక కనబడింది. అది మిఠాయి దుకాణం. రెండింటి చివరా ఉన్న ‘స్కయా’ను చూడగానే, ఒక మాటనుంచి అనేక మాటలు చేసుకునే ఉపాయం దొరికిందని రాశాడు. బజారు పలకల మీద దొరికిన ఆ ఉపాయమే ‘ఇల్’ రూపంలో మన మేకుకు వేలాడే చెవి దాకా వచ్చింది.

కొత్తపలక (బుధవారం సాయంత్రం)

ఒక చీటీ కోసం అడిగిన ప్రశ్నకు ఇంత దొరుకుతుందనుకోలేదు. చదివిన తరువాత ఇంట్లోని మిగతా చీటీలను మళ్ళీ చూసుకున్నాను, ఒక తప్పు బయటపడింది. దువ్వెనకు ‘కోంబో’ అని రాసి అంటించాను. కానీ దువ్వడం కోంబి కనుక, కోంబో అంటే దువ్వడమనే పని, వస్తువు కోంబీలో. అయితే బ్రష్షుకు బ్రోసో చాలు, ‘ఇల్’ అక్కరలేదు. ఒకదానికి కావాలి, మరొకదానికి వద్దు అన్నది ఎలా తెలుసుకోవాలి?

నిఘంటుప్రియ (బుధవారం రాత్రి)

ధాతువు స్వభావాన్ని బట్టి తెలుసుకోవాలి. ‘బ్రోస్’ పుట్టుకతో వస్తువు, దానికి ‘ఇ’ చేరిస్తే దానితో చేసే పని వస్తుంది. ‘కోంబ్’ పుట్టుకతో పని, వస్తువు కావాలంటే ‘ఇల్’ కావాలి. ప్రతి ధాతువుకూ ఇలాంటి సహజ స్వభావం ఉంటుందని 1910 ప్రాంతంలో రెనే ద సొస్యూర్ సిద్ధాంతీకరించాడు. ఈయన భాషాశాస్త్రంలో ప్రసిద్ధుడైన ఫెర్దినాన్ ద సొస్యూర్‌కు తమ్ముడు, గణితజ్ఞుడు. విద్యార్థులు ఎక్కువగా తప్పులు చేసేదీ ఇక్కడే, పండితులు ఎక్కువగా పోట్లాడుకున్నదీ ఇక్కడే.

తెలుగువారికి ఇది పరాయి సంగతేమీ కాదు. మీరు చీటీ అంటించిన దువ్వెననే చూడండి, దువ్వు అనే క్రియనుంచి పుట్టిన పనిముట్టు అది. మూయడంనుంచి మూత వచ్చింది, పాతఅచ్చు గారు చెప్పిన దెక్కెల్‌కు అది అచ్చమైన జోడీ. తేడా ఏమిటంటే, మన దువ్వెనలోని ‘ఎన’ను తీసుకెళ్ళి మరో క్రియకు తగిలిస్తే మాట పుట్టదు, ‘కోసెన’ అని కత్తిని పిలిస్తే నవ్వుతారు. అక్కడ ‘ఇల్’ ఏ పనికైనా అతుకుతుంది. తాళంచెవి విషయంలో మనం క్రియ జోలికి పోకుండా అవయవంతో పోల్చి ఊరుకున్నాం.

ఎల్బేతీరం (బుధవారం రాత్రి)

అంతా ఒప్పుకుంటూనే చివరిగా ఒక పేచీ పెడతాను. ష్లోసీలో అంటే తాళం వేసే పనిముట్టు మాత్రమే అయితే, మరను బిగించే పానాను ష్రౌబ్‌ష్లోసీలో అని ఎందుకన్నారు? పానాతో తాళం వేసేవాడు ఎక్కడా లేడు. జర్మన్‌లో అది ష్రౌబెన్‌ష్లుస్సెల్, రష్యన్‌లోనూ దానిని క్ల్యూచ్ అనే అంటారు. వ్యాసాల్లోని ముఖ్యపదాలను ష్లోసీల్‌వొర్తో అనడంలోనూ తాళం లేదు. అంటే వ్యాకరణం ప్రకారం మాటను క్రియమీదే కట్టినా, వాడేవారు తమ భాషల్లోని చెవి అర్థాలన్నిటినీ దానిలోకి మోసుకొచ్చారు. నిఘంటుప్రియ గారి పక్షం పుట్టుకలో గెలిస్తే, నా పక్షం వాడుకలో గెలిచిందని రాసుకోవచ్చా?

పాతఅచ్చు (గురువారం ఉదయం)

రాసుకోవచ్చు. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంనుంచి ఎస్పెరాంతో నేర్పే అతి చిన్న పుస్తకాలు అనేక భాషల్లో ‘ష్లోసీలో’ అన్న పేరుతోనే వచ్చాయి. చొక్కా జేబులో పట్టే ఆ పుస్తకాలు తెరవడానికే గానీ మూయడానికి కావు. వ్యాకరణం పట్టుకుని కూర్చుంటే, తాళం తీయడం, వ్యతిరేకార్థపు ‘మాల్’ చేరి, మాల్‌ష్లోసి కనుక, వాటిని ‘మాల్‌ష్లోసీలో’ అని పిలవవలసి వచ్చేది!

హిందూపురంబస్సు (గురువారం ఉదయం)

నిర్వాహకుల మాట మన్నించి పోర్చుగీసు ఊసు ఎత్తను. మరి గొళ్ళేనికి తాళం వేలాడదీస్తామే, ఆ తాళంకప్పకు ఎస్పెరాంతోలో ఏమంటారో చెప్పగలరా? మనకు తాళంలో చెవి ఒక్కటే కాదు, కప్ప కూడా ఉంది.

నిఘంటుప్రియ (గురువారం మధ్యాహ్నం)

పెంద్‌సెరూరో. పెంది అంటే వేలాడడం, వేలాడే తాళం. తలుపు గడియకు రిగ్లీలో. గడియ వేయడం రిగ్లి, జర్మన్ రీగెల్‌నుంచి వచ్చింది. ష్లోసీలోకు ఇది తోబుట్టువు, క్రియా ధాతువు, ఆపైన ‘ఇల్’.

కొత్తపలక (గురువారం రాత్రి)

గుమ్మం దగ్గర ఇప్పుడు నాలుగు చీటీలు ఉన్నాయి. తాళానికి సెరూరో, చెవికి ష్లోసీలో, గడియకు రిగ్లీలో, పెరటి తలుపు కప్పకు పెంద్‌సెరూరో. పొద్దున మా అమ్మ వాటిని చూసి, కప్పకు చీటీ అంటించావు సరే, రేపు తాళం వేసేటప్పుడు ఆ చీటీ చెవి దూర్చే కంతకు అడ్డం వస్తుంది, తీసెయ్యమంది. కంతకు ఏమంటారో కూడా వెతికాను. ష్లోసీల్‌త్రూఓ. దానికి మాత్రం చీటీ అంటించలేదు.